స్లౌలో ఇల్లు, స్ట్రాట్‌ఫర్డ్‌లో చదువు: ఆయిస్టర్ కొట్టాలా, బ్యాంకు కార్డు కొట్టాలా?

కొత్తగా_స్లౌ
సెప్టెంబరులో మా తమ్ముడు స్ట్రాట్‌ఫర్డ్‌లో మాస్టర్స్‌లో చేరుతున్నాడు. అద్దెలు చూసి ఇల్లు స్లౌలో తీసుకున్నాం. వాడికి 16-25 రైల్‌కార్డ్ (రైలు ఛార్జీల్లో తగ్గింపు ఇచ్చే కార్డు) ఉంది. దాన్ని ఆయిస్టర్‌కి (డబ్బు వేసుకుని గేటు దగ్గర కొట్టే లండన్ ప్రయాణ కార్డు) ఎక్కిస్తే మూడోవంతు తగ్గుతుందని ఒకాయన, స్లౌలో అసలు ఆయిస్టరే చెల్లదని ఇంకొకాయన, ఇవేం వద్దు ఫోన్ కొట్టుకుంటూ పొమ్మని మరొకాయన. ముగ్గురూ లండన్లో ఉన్నవాళ్లే! క్లాసులు వారానికి మూడు రోజులు, ఉదయం 10కి మొదలు. అక్టోబరులో అమ్మానాన్న కూడా వస్తున్నారు, హీత్రో నుంచి తీసుకురావాలి. చేతిలో పాత డీజిల్ కారుంది. దేనికి ఏది వాడాలో తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

వెస్ట్‌డ్రేటన్_వాసి
రెండో ఆయన మాటే నిజం. ఎలిజబెత్ లైన్‌లో (లండన్‌ని పడమర నుంచి తూర్పుకి దాటే రైలు మార్గం) పడమటి వైపు ఆయిస్టర్ వెస్ట్ డ్రేటన్ దాకానే, అంటే జోన్ 6 దాకా (నడిబొడ్డు జోన్ 1, అక్కణ్నుంచి బయటికి లెక్క). ఆ తర్వాత వచ్చే ఐవర్, లాంగ్లీ, స్లౌ, బర్నమ్, ట్యాప్లో, మెయిడెన్‌హెడ్, ట్వైఫర్డ్, రెడింగ్‌లలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చెల్లుతుంది, ఫోన్ చెల్లుతుంది, ఆయిస్టర్ చెల్లదు. హీత్రో కొమ్మ మీద మాత్రం రెండూ చెల్లుతాయి.

జనం పడిపోయేది ఎక్కడంటే, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయిస్టర్ కొడితే గేటు చక్కగా తెరుచుకుంటుంది. మీరెక్కడ దిగబోతున్నారో దానికేం తెలుసు? స్లౌలో దిగాక ఔట్ (దిగినట్టు కార్డు కొట్టడం) అవ్వదు. ఔట్ లేని ప్రయాణం కాబట్టి ఆయిస్టర్ నుంచి గరిష్ఠ ఛార్జీ పోతుంది. చెల్లే టికెట్ లేకుండా వెస్ట్ డ్రేటన్ దాటారు కాబట్టి పెనాల్టీ ఫేర్ కూడా వేయొచ్చు. అది 100 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 50.

నల్లగొండ_పోరడు
అన్నా, గింత లొల్లి ఎందుకు? ఫోన్ కొట్టుడు, పోవుడు. జర పైసలు ఎక్కువ పోతయ్, తలనొప్పి తక్కువ.

కొత్తగా_స్లౌ
అయితే రైల్‌కార్డ్‌ని ఆ బ్యాంకు కార్డుకే ఎక్కిస్తే సరిపోతుంది కదా?

ట్యాప్_పంతులు
ఎక్కించలేరు. రైల్‌కార్డ్ తగ్గింపు ఎక్కేది ఆయిస్టర్‌కి మాత్రమే. అసలు చిక్కంతా అక్కడే. స్లౌలో చెల్లేదానికి తగ్గింపు ఎక్కదు, తగ్గింపు ఎక్కేది స్లౌలో చెల్లదు.

ఎక్కించే పద్ధతి: ఆయిస్టర్, రైల్‌కార్డ్ రెండూ పట్టుకుని ఏ ట్యూబ్ (లండన్ మెట్రో) స్టేషన్‌కైనా వెళ్లండి. రైల్‌కార్డ్ ఫోన్‌లో ఉన్నా పర్లేదు. అక్కడి సిబ్బందిని అడిగితే టికెట్ మెషీన్లో వాళ్లే చేసిపెడతారు. మనంతట మనం చేసుకునే వీల్లేదు. ఎక్కాక ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళ) సింగిల్ ఛార్జీల మీద, ఆఫ్‌పీక్ రోజు క్యాప్ (రోజుకి ఇంతకు మించి పోదన్న పరిమితి) మీద మూడోవంతు తగ్గుతుంది. పీక్‌లో పైసా తగ్గదు. పీక్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6:30-9:30, సాయంత్రం 4-7. లెక్కలోకి వచ్చేది ఇన్ కొట్టిన టైమే, దిగిన టైము కాదు.

రైల్‌కార్డ్ గడువు అయిపోయిన రోజే ఆయిస్టర్ మీద తగ్గింపూ పోతుంది. రెన్యువల్ చేసుకున్నంత మాత్రాన దానంతటది రాదు, మళ్లీ స్టేషన్‌కి వెళ్లి ఎక్కించుకోవాలి. సగం మంది ఇది మర్చిపోయి నెలల తరబడి పూర్తి ఛార్జీ కడుతుంటారు. టూ టుగెదర్, ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్, నెట్‌వర్క్ రైల్‌కార్డ్‌లు మాత్రం ఆయిస్టర్‌కి ఎక్కవు.

గోదారిగట్టు
స్టూడెంట్ ఆయిస్టర్ ఉందిగా అండీ, 30 శాతం తగ్గింపు. దాని సంగతి ఎవరూ ఎత్తరేం?

ట్యాప్_పంతులు
@గోదారిగట్టు ఆ 30 శాతం ట్రావెల్‌కార్డుల (వారం, నెల లాంటి పాసులు) మీద, బస్ పాసుల మీద. రోజూ కొట్టి వెళ్లే ఛార్జీ మీద కాదు. వారానికి మూడు రోజులు వెళ్లేవాడికి ట్రావెల్‌కార్డ్ దండగ. పైగా ఆయిస్టర్ మీది ట్రావెల్‌కార్డ్ కూడా వెస్ట్ డ్రేటన్ దాటదు. కాలేజీ ఆ పథకంలో చేరి ఉండాలి, అది ముందు చూసుకోవాలి. ఒక సుఖం ఏంటంటే స్టూడెంట్ ఆయిస్టర్‌కి కూడా 16-25 రైల్‌కార్డ్ ఎక్కించుకోవచ్చు.

వెస్ట్‌డ్రేటన్_వాసి
తమ్ముడి విషయానికొస్తే ఉదయం ప్రయాణానికి నా ఓటు నల్లగొండ తమ్ముడికే. 10 గంటల క్లాసుకు స్ట్రాట్‌ఫర్డ్ చేరాలంటే స్లౌలో 9:30కి ముందే ఎక్కాలి, అంటే పీక్. రైల్‌కార్డ్‌తో ఈ-టికెట్ కొందామన్నా పనిరోజుల్లో ఉదయం 10కి ముందు కనీస ఛార్జీ నిబంధన అడ్డొస్తుంది (16-25 వాళ్లకి జూలై, ఆగస్టుల్లో ఉండదు). కాబట్టి కాంటాక్ట్‌లెస్‌తో స్లౌ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా ఒకే ప్రయాణం.

సాయంత్రం 7 దాటాక తిరిగొస్తే, లేదా శని ఆదివారాలైతే, విడగొట్టి చూసుకోవచ్చు. ప్యాడింగ్టన్-స్లౌ టికెట్ రైల్‌కార్డ్‌తో యాప్‌లో కొనాలి. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ప్యాడింగ్టన్ దాకా రైల్‌కార్డ్ ఎక్కించిన ఆయిస్టర్. రెండూ కూడి, మొత్తాన్ని కాంటాక్ట్‌లెస్ సింగిల్‌తో పోల్చండి. ఏది చవకో టైమును బట్టి మారుతుంది.

సీమ_సరుకు
ప్యాడింగ్టన్‌లో దిగాల్నా, లేక అదే రైల్లో కూర్చోనుంటే సరిపోతుందా? రైలు ప్యాడింగ్టన్ దాటి పోతాది గదప్పా.

వెస్ట్‌డ్రేటన్_వాసి
@సీమ_సరుకు దిగాలి. ఆయిస్టర్ ప్రయాణం ప్యాడింగ్టన్ గేటులో ఔట్ కొడితేనే ముగుస్తుంది. కూర్చుండిపోతే ఔట్ ఉండదు, గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఎలాగూ దిగారు కాబట్టి పైకెళ్లి గ్రేట్ వెస్టర్న్ వాళ్ల ఫాస్ట్ రైలు ఎక్కండి. ఎలిజబెత్ ఊరూరా ఆగుతూ వెళ్లే దారిని అది సగం టైములో దాటేస్తుంది. స్లౌ-ప్యాడింగ్టన్ మధ్య ఆ ఫాస్ట్ రైళ్లలో కూడా కాంటాక్ట్‌లెస్ చెల్లుతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు.

స్లౌ నుంచి పోయేటప్పుడూ ఇదే లెక్క. «లండన్ టెర్మినల్స్» అని రాసి ఉన్న టికెట్ పడమటి నుంచి వచ్చేవాళ్లకి ప్యాడింగ్టన్ దాకానే. అదే రైల్లో ప్యాడింగ్టన్ దాటి కూర్చుంటే టికెట్ లేనట్టే.

కొత్తగా_స్లౌ
వెస్ట్ డ్రేటన్ దగ్గరే విడగొడితే?

ట్యాప్_పంతులు
కుదురుతుంది. స్లౌ-వెస్ట్ డ్రేటన్ టికెట్, అక్కడి నుంచి ఆయిస్టర్. వెస్ట్ డ్రేటన్‌లో దిగి, బయటికొచ్చి, ఇన్ కొట్టి, తర్వాతి రైలు ఎక్కాలి. తలుపు దగ్గర నుంచుని పరుగెత్తి కొట్టి అదే రైలు అందుకుంటా అనుకోకండి. ఆఫ్‌పీక్‌లో డబ్బు మిగలొచ్చు, కానీ ఒక రైలు పోతుంది. తీరిక ఉన్నవాళ్లకి.

బస్సుల_బాబాయ్
రైలు రైలు అంటున్నారు, 81 నంబరు బస్సు ఎవరికీ గుర్తు రాలేదా? హౌన్‌స్లో నుంచి స్లౌ దాకా నడిచే లండన్ బస్సు అది. స్లౌ గ్రేటర్ లండన్‌లో లేకపోయినా బస్సు టీఎఫ్ఎల్‌దే (లండన్ రవాణా సంస్థ), కాబట్టి ఆయిస్టర్ చెల్లుతుంది. ఎంత దూరమైనా 1.75 పౌండ్లు. ఎక్కి కొట్టిన గంటలోపు ఇంకో లండన్ బస్సు ఎక్కితే హాపర్ కింద అది ఉచితం. రెండో బస్సొక్కటే కాదు, గంటలోపు ఎన్నెక్కినా ఉచితమే. గంటలోపు *ఎక్కితే* చాలు, దిగక్కర్లేదు.

నల్లగొండ_పోరడు
బాబాయ్, 81ల స్లౌ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ పోతే డిగ్రీ అయిపోయినంక చేరుతడు 😂

బస్సుల_బాబాయ్
స్ట్రాట్‌ఫర్డ్‌కి ఎవరు వెళ్లమన్నారు నాయనా. 81 హౌన్‌స్లో వెస్ట్ మీదుగా వెళ్తుంది. అక్కడ దిగి పికాడిల్లీ (ట్యూబ్ లైన్) ఎక్కితే ఆయిస్టర్ తగ్గింపు ట్యూబ్ దారి మొత్తానికీ పనికొస్తుంది, బస్సు ఛార్జీకి కాదు. సెలవు రోజు సెంట్రల్ లండన్ తిరగడానికి ఇంతకన్నా చవక దారి స్లౌ నుంచి లేదు. బాత్ రోడ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం పుస్తకం పట్టుకెళ్లండి.

హౌన్‌స్లో_అక్క
ఫోన్ కొట్టేవాళ్లకి ఒక మాట. ఒకే బ్యాంకు కార్డు ఫోన్‌లో ఉంది, వాచ్‌లో ఉంది, పర్సులో ప్లాస్టిక్ ఉంది. మీ అకౌంట్ ఒకటే అయినా రీడర్‌కి అవి మూడు వేర్వేరు కార్డులు. ఒక్కోదానికి లోపల ఒక్కో నంబరు ఉంటుంది. ఫోన్‌తో ఇన్, వాచ్‌తో ఔట్ కొడితే సగం సగం ప్రయాణాలు రెండు తయారై రెండు గరిష్ఠ ఛార్జీలు పడతాయి. హాపర్ రాదు, క్యాప్ కూడా రాదు. పొద్దున ఏది కొడితే రాత్రి దాకా అదే. ఛార్జింగ్ అయిపోయే ఫోన్ అయితే ప్లాస్టిక్ కార్డే నయం.

ఇంకోటి. పర్సుని పర్సులాగే రీడర్‌కి ఆనించొద్దు. అందులో ఉన్న వేరే కార్డు తీసుకుందంటే ఇదే గోల.

సీమ_సరుకు
క్యాప్ ఎప్పట్నుంచి ఎప్పటిదాకా? అర్ధరాత్రి మారుతుందా?

హౌన్‌స్లో_అక్క
కాదు. రోజు క్యాప్ పొద్దున 4:30 నుంచి మర్నాడు 4:29 దాకా. వారం క్యాప్ సోమవారం నుంచి ఆదివారం దాకా. బుధవారం మొదలెట్టినా లెక్క ఆదివారంతోనే తెగుతుంది. బంధువులు వస్తే అందుకే సోమవారం నుంచి తిరగడం లాభం.

గోదారిగట్టు
మరి గులాబీ రంగు రీడర్లు ఎందుకుంటాయండీ ప్లాట్‌ఫారం మీద? అవి కొడితే డబ్బులు పోతాయని మా రూమ్మేట్ వాటి పక్కకే వెళ్లడు.

ట్యాప్_పంతులు
వెళ్లమనండి, డబ్బులు మిగులుతాయి. గులాబీ రీడర్ ఇన్ కాదు, ఔట్ కాదు. «నేను ఈ దారిన వచ్చాను» అన్న గుర్తు, అంతే. ఒకే రెండు స్టేషన్ల మధ్య జోన్ 1 మీదుగా ఒక దారి, జోన్ 1 తాకకుండా ఒక దారి ఉంటే, మీరు చెప్పకపోతే సిస్టమ్ చాలాసార్లు జోన్ 1 మీదుగానే వచ్చారనుకుంటుంది. వాల్తమ్‌స్టో నుంచి విక్టోరియా లైన్‌లో వచ్చి హైబరీలో మైల్డ్‌మే లైన్ ఎక్కి రిచ్‌మండ్ వెళ్లేవాళ్లు హైబరీలో గులాబీ కొట్టాలి. స్ట్రాట్‌ఫర్డ్, కెనడా వాటర్, వైట్‌చాపెల్, గాస్పెల్ ఓక్, విల్స్‌డెన్ జంక్షన్, క్లాపమ్ జంక్షన్‌లలోనూ ఉన్నాయి.

రైలు మారేచోట గులాబీకి బదులు పసుపు రీడర్ కొడితేనే నష్టం. అక్కడ ప్రయాణం తెగిపోతుంది.

నల్లగొండ_పోరడు
పంతులుగారూ, రైలు మారేటప్పుడు ఆ జనంల గులాబీ రీడర్ ఎక్కడుందో ఎతికేలోపు రైలు పోతది. ఆ రెండు పౌండ్లు పోనీయ్. టైం పైసలు కాదా?

ట్యాప్_పంతులు
రోజూ వెళ్లే దారిలో ఏ స్తంభానికుందో రెండో రోజుకే తెలిసిపోతుంది. ఏడాది పొడుగునా పోనిచ్చుకునేంత ఉంటే పోనివ్వు బాబూ, నాదేం పోయింది.

కొత్తగా_స్లౌ
తమ్ముడి సంగతి తేలింది. ఇప్పుడు అమ్మానాన్న. ఇండియా బ్యాంకు కార్డులు గేటు దగ్గర పనిచేస్తాయా?

హౌన్‌స్లో_అక్క
వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ అయితే పనిచేస్తాయి. రూపే తీసుకోరు. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసి రమ్మనండి. రెండోది ఆన్ చేయడం మర్చిపోతారు. విదేశీ మారకం ఛార్జీ బ్యాంకు వేస్తుంది, అది ముందే చూసుకోవాలి.

ఒకే కార్డుతో ఇద్దరూ వెళ్లడం కుదరదు. బస్సులో ఒకే కార్డు రెండుసార్లు కొట్టి «ఇది ఆయనకి, ఇది నాకు» అనుకుంటే రెండోవాళ్లు టికెట్ లేనట్టే. మనిషికో కార్డు ఉండాలి. నాన్నగారికి మీ ప్లాస్టిక్ కార్డు, అమ్మగారికి తమ్ముడి ప్లాస్టిక్ కార్డు ఇచ్చి మీరు ఫోన్లు కొట్టుకోండి. పైన చెప్పినట్టు అవి వేరే కార్డుల కిందే లెక్క కాబట్టి ఇక్కడ ఆ గోలే పనికొస్తుంది.

సీమ_సరుకు
అక్కా, మంచి ఉపాయం!

గోదారిగట్టు
60 దాటితే లండన్లో ఉచితం అంటారు?

బస్సుల_బాబాయ్
అది లండన్లో నివాసం ఉన్నవాళ్లకి. సందర్శకులకి లేదు, మాటకొస్తే స్లౌ వాళ్లకీ లేదు. 60 నిండినవాళ్లు సీనియర్ రైల్‌కార్డ్ కొనుక్కోవచ్చు, దానికి వయసు రుజువుగా పాస్‌పోర్ట్ చాలు. అందులోనూ మూడోవంతు తగ్గింపే. పనిరోజుల్లో ఉదయం రద్దీవేళ లండన్ చుట్టుపక్కల చెల్లదు. అమ్మానాన్నలని ఆ టైములో రైలెక్కించే మహానుభావులు ఎవరూ ఉండరనుకోండి.

పిల్లలతో వచ్చేవాళ్ల కోసం: 11 ఏళ్ల లోపు పిల్లలు, టికెట్ ఉన్న ఒక పెద్దమనిషి వెంట నలుగురి దాకా, ట్యూబ్‌లో ఉచితం. వెడల్పు గేటు గుండా తీసుకెళ్లాలి. 11-15 మధ్య వాళ్లకి ఆయిస్టర్ కొని స్టేషన్ సిబ్బందితో యంగ్ విజిటర్ తగ్గింపు పెట్టిస్తే 14 రోజులు సగం ఛార్జీ.

వెస్ట్‌డ్రేటన్_వాసి
హీత్రో నుంచి స్లౌకి రైల్లో అంటే నవ్వొస్తుంది. మ్యాపులో పక్కపక్కనే ఉంటాయి. రైలు మాత్రం ముందు లండన్ వైపు హేస్ అండ్ హార్లింగ్టన్ దాకా పోయి, అక్కడ ప్లాట్‌ఫారం మారి వెనక్కి రావాలి. హీత్రో నుంచి పడమటికి నేరుగా పట్టాలు వేస్తామన్న మాట ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉంది. బస్సే మేలు. టెర్మినల్ 5 నుంచి, సెంట్రల్ బస్ స్టేషన్ నుంచి స్లౌకి బస్సులున్నాయి. అవి టీఎఫ్ఎల్‌వి కావు, బ్యాంకు కార్డు కొట్టాలి, హాపర్ వర్తించదు. టెర్మినల్స్ మధ్య ఎలిజబెత్ లైన్‌లో గానీ పికాడిల్లీలో గానీ ఉచితంగా మారొచ్చు.

గోదారిగట్టు
నాలుగు పెద్ద సూట్‌కేసులు, రెండు క్యాబిన్ బ్యాగులు, ఆవకాయ జాడీతో బస్సా! కారు తీసుకెళ్లండి సార్.

ఎర్రగీత
కారు అన్నారు కాబట్టి నేనొచ్చా. పాత డీజిల్ అంటున్నారు, ఏ సంవత్సరం? యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్లకి లండన్ వేసే ఛార్జీ, అది పడే ప్రాంతం) తప్పాలంటే డీజిల్‌కి యూరో 6 పొగ ప్రమాణం ఉండాలి, అంటే దాదాపు 2015 సెప్టెంబరు తర్వాతవి. పెట్రోల్‌కి యూరో 4 చాలు, 2006 తర్వాతవి అన్నీ గట్టెక్కుతాయి. ఊహించకండి, టీఎఫ్ఎల్ సైట్‌లో నంబర్ ప్లేట్ కొట్టి చూడండి.

స్లౌ యూలెజ్ బయట. హీత్రో హిల్లింగ్డన్ బరోలో (లండన్‌లోని ఒక స్థానిక పాలనా విభాగం) ఉంది, లోపల. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నీ లోపలే. లండన్ చుట్టూ తిరిగే ఎం25 మోటార్‌వే మీద ఉన్నంతసేపు ఏమీ లేదు, జంక్షన్ 14లో దిగి టెర్మినల్ 5 వైపు తిరిగితే పడుతుంది. రోజుకి 12.50 పౌండ్లు, 24 గంటలూ, క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా. కట్టడానికి గడువు మూడో రోజు అర్ధరాత్రి దాకా. కట్టకపోతే 180, 14 రోజుల్లో అయితే 90.

అసలు కిటుకు ఇది: యూలెజ్ రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. రాత్రి 11కి లోపలికెళ్లి, విమానం ఆలస్యమై 12:30కి బయటికొస్తే రెండు రోజులు నడిపినట్టు. 25 పౌండ్లు.

నల్లగొండ_పోరడు
ఇంకేంది, క్యాబ్ బుక్ చేస్కో అన్నా.

ఎర్రగీత
లెక్క ఇంకా అవలేదు. టెర్మినల్ ముందు డ్రాప్-ఆఫ్ దగ్గర దింపడమే, ఎక్కించుకోకూడదు. ఎక్కించుకోవాలంటే షార్ట్ స్టే కార్ పార్కింగ్‌లో పెట్టాలి, దాని డబ్బు వేరే. తిరిగి పంపించేటప్పుడు డ్రాప్-ఆఫ్ వాడుకోవచ్చు. దానికీ ఛార్జీ ఉంది. గేటు ఉండదు, టోల్ బూత్ ఉండదు, కెమెరా ఒక్కటే. మర్నాడు అర్ధరాత్రిలోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. లాంగ్ స్టే పార్కింగ్‌లో దింపి అక్కడి ఉచిత బస్సెక్కిస్తే ఆ ఛార్జీ తప్పుతుంది, యూలెజ్ తప్పదు.

టీఎఫ్ఎల్ ఆటో పే పెట్టుకుంటే యూలెజ్, కంజెషన్ ఛార్జ్ (సెంట్రల్ లండన్‌లోకి కారు తెస్తే పడేది), బ్లాక్‌వాల్-సిల్వర్‌టౌన్ సొరంగాలు మూడూ అదే కట్టేస్తుంది. హీత్రో డ్రాప్-ఆఫ్‌కి వేరే ఖాతా. డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌కి (లండన్‌కి తూర్పున థేమ్స్ నది దాటే చోటు) ఇంకో ఖాతా. ఆటో పే ఉంది కదా అని డార్ట్‌ఫర్డ్ మీదుగా దర్జాగా వెళ్లి నోటీసు తెచ్చుకునేవాళ్లు కోకొల్లలు. వెతికితే ముందొచ్చే సైట్లలో మధ్యవర్తులు కూడా ఉంటారు, అదనంగా గుంజుతారు. అడ్రసు చూసి కట్టండి.

కొత్తగా_స్లౌ
చూశాను, మా కారు పాసవ్వలేదు 😞 అమ్మకి ఈస్ట్ హామ్ మహాలక్ష్మి గుడికి వెళ్లాలనుంది. ఆదివారం అద్దె కారు తీసుకుంటే సెంట్రల్ లండన్ మీదుగా వెళ్లొచ్చా?

ఎర్రగీత
అద్దె కార్లు సాధారణంగా యూలెజ్ గట్టెక్కుతాయి. కంజెషన్ ఛార్జ్ మాత్రం ఏ కారుకైనా పడుతుంది. 2026 జనవరి 2 నుంచి రోజుకి 18 పౌండ్లు. పనిరోజుల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 6, శని ఆదివారాల్లో మధ్యాహ్నం 12 నుంచి 6. ఆదివారం పొద్దున 12 లోపు దాటేస్తే పడదు, తిరిగొచ్చేటప్పుడు చూసుకోవాలి. మేరిల్‌బోన్ రోడ్, యూస్టన్ రోడ్, పార్క్ లేన్ ఇవన్నీ సరిహద్దు. సరిహద్దు రోడ్డు మీద నడిపితే ఛార్జీ లేదు, లోపలికి తిరిగితేనే. అద్దె కారుకి నోటీసు వస్తే కంపెనీ తన రుసుము కలిపి మీ కార్డు నుంచే లాగుతుంది.

రింగురోడ్డు_రాజు
ఈస్ట్ హామ్‌కి సెంట్రల్ ఎందుకండీ? ఎం4 దిగి చిజిక్ దగ్గర నార్త్ సర్క్యులర్ (ఏ406) పట్టుకుంటే హ్యాంగర్ లేన్, బ్రెంట్ క్రాస్, ఎడ్మంటన్ మీదుగా ఈస్ట్ హామ్ పక్కనే తేలతారు. హ్యాంగర్ లేన్ జైరేటరీలో లేన్ ముందే పట్టుకోవాలి. చివర్లో మారదామంటే ఎవరూ దారివ్వరు. బౌండ్స్ గ్రీన్ దగ్గర ఇరుకు, అక్కడే నత్తనడక. ట్రాఫిక్ ఎర్రగా కనిపిస్తే ఎం25 ఉత్తరం వైపు తిరిగి, ఎం11 మీద కిందికి దిగి ఏ406లో కలవండి. దూరం ఎక్కువ, సిగ్నళ్లు తక్కువ.

సౌత్ సర్క్యులర్ (ఏ205) పేరు చూసి మోసపోకండి. ఉత్తరాన ఉన్నది చాలావరకు పెద్ద రోడ్డు, దక్షిణాన ఉన్నది మామూలు వీధులకి బోర్డులు తగిలించినది. 1960ల్లో లండన్ చుట్టూ రింగ్‌వేలు వేయాలని పెద్ద ప్లాన్ వేశారు. ఇళ్లు కూల్చాలంటే జనం తిరగబడ్డారు, 1973లో మూలన పడేశారు. వెస్ట్‌వే లాంటి ముక్కలు మిగిలాయి. 1986లో పూర్తయిన ఎం25 కూడా ఆ ప్లాన్‌లోని రెండు వేర్వేరు రింగుల ముక్కలు అతికించిందే.

సీమ_సరుకు
రాజుగారు మొదలుపెడితే 1973కి పోకుండా రాడు 😄

ఎర్రగీత
గుడి దగ్గర దింపేటప్పుడు గీతల రంగు చూడండి. పసుపు గీత మీద మనిషిని దింపి కదిలిపోవచ్చు. రెండు ఎర్ర గీతలుంటే ఏ టైములోనూ ఆగకూడదు, దింపడానికి కూడా. టాక్సీకి, బ్లూ బ్యాడ్జ్ (వికలాంగుల పార్కింగ్ కార్డు) ఉన్నవాళ్లకి దింపుకునే మినహాయింపు ఉంది. ఒక్క ఎర్ర గీత ఉంటే బోర్డు మీది వేళల్లో ఆగకూడదు. కెమెరా చూస్తే 160 పౌండ్లు, 14 రోజుల్లో సగం. రోడ్డు మీద ఎర్ర రంగుతో గీసిన గడి రద్దీ లేని వేళల్లో, తెల్ల గడి రోజంతా, బోర్డు మీద ఉన్నంత సేపు ఆగడానికి. ఎర్ర గీతల రోడ్లు టీఎఫ్ఎల్‌వి, మిగతావి ఆయా బరోలవి. ఎవరు నోటీసిచ్చారో చూసి వాళ్లకే అప్పీలు పెట్టాలి.

పసుపు గళ్ల జంక్షన్లో ముందు బండి కదిలి మీకు చోటు ఖాళీ అయ్యాకే అడుగు పెట్టండి. సిగ్నల్ పచ్చగా ఉండటం సాకు కాదు. ఎదురొచ్చే బళ్ల కోసం కుడివైపు తిరగడానికి ఆగితే మాత్రం తప్పు లేదు.

గోదారిగట్టు
బర్మింగ్‌హామ్ దగ్గర బాలాజీ గుడికీ ఇలాంటిదేమైనా ఉందాండీ?

రింగురోడ్డు_రాజు
టివిడేల్‌కా? బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్ నగరం నడిబొడ్డున, ఏ4540 రింగు లోపల. గుడి దానికి చాలా బయట. మోటార్‌వే నుంచి నేరుగా వెళ్తే పడదు. భోజనానికని సిటీలోకి దూరితే, మీ డీజిల్ బండికి 8 పౌండ్లు. టీఎఫ్ఎల్ ఆటో పే అక్కడ పనిచేయదు.

కొత్తగా_స్లౌ
సరే, రాకకి క్యాబ్, గుడికి అద్దె కారు, మిగతా తిరుగుళ్లకి మనిషికో ప్లాస్టిక్ కార్డు. నాన్నకి మెట్లు కష్టం, ఊళ్లోకి పికాడిల్లీ మంచిదా ఎలిజబెతా?

హౌన్‌స్లో_అక్క
ఎలిజబెత్. 41 స్టేషన్లలోనూ రోడ్డు నుంచి ప్లాట్‌ఫారం దాకా మెట్లు లేకుండా వెళ్లొచ్చు. ప్యాడింగ్టన్ నుంచి తూర్పుగా సొరంగం స్టేషన్లలో రైలు గడప కూడా ప్లాట్‌ఫారంతో సమానంగా ఉంటుంది. స్లౌలో ఎక్కేటప్పుడు మాత్రం ఎత్తు తేడా ఉంటుంది, సిబ్బందిని అడిగితే ర్యాంప్ వేస్తారు.

హీత్రో నుంచి జోన్ 1కి ఒక్కరే తేలిక సామానుతో వచ్చేవాళ్లకైతే పికాడిల్లీయే చవక, ఎలిజబెత్ ఛార్జీ దానికి రెట్టింపు పైమాటే. హీత్రో-జోన్ 1 ట్యూబ్ ఛార్జీ మాత్రం ఏ వేళైనా పీక్ రేటే, ఆదివారం కూడా. తిరిగి వెళ్లేటప్పుడు పికాడిల్లీ రైలు ముందు బోర్డు చదివి ఎక్కాలి. టెర్మినల్ 4 రైళ్లు వేరు, 5 రైళ్లు వేరు.

కొత్తగా_స్లౌ
చివరగా ఒకటి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు కొట్టాలా?

బస్సుల_బాబాయ్
కొట్టకూడదు. బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. ట్రామ్ కూడా అంతే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద కొట్టాలి. ఒక్క వింబుల్డన్‌లో ట్రామ్ దిగితే స్టేషన్ గేటు దాటి రావాలి కాబట్టి అక్కడ గేటు దగ్గర కొట్టాలి.

నల్లగొండ_పోరడు
బస్సుల నగదు తీస్కోరని కూడా చెప్పు బాబాయ్. పెద్దోళ్లు పది పౌండ్ల నోటు పట్టుకుని డ్రైవర్ ముందు నిలబడతరు.

బస్సుల_బాబాయ్
2014 జూలై నుంచే తీసుకోవట్లేదు. ఆయిస్టర్‌లో కాస్తయినా మిగిలి ఉంటే చాలు, 1.75 లేకపోయినా ఒక్క బస్సు ప్రయాణానికి ఒప్పుకుంటుంది, రశీదు మీద హెచ్చరిక ఇస్తుంది. తర్వాతి బస్సుకి మాత్రం డబ్బు వేయాల్సిందే.